పిల్లలతో కొత్త నగరానికి: ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) దుఆ నేర్పే వరుస

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. భూమిని మన కొరకు విశాలంగా పరచినవాడు, అందులో దారులు ఏర్పరచినవాడు, ప్రతి ప్రాణికీ దాని నివాసాన్నీ ఉపాధినీ నిర్ణయించినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబంపై, ఇల్లూ వాకిలీ వదలి ఆయన వెంట నడచిన సహచరులపై, వారిని అక్కున చేర్చుకున్న అన్సార్లపై అల్లాహ్ శుభాలు, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ధర్మపరాయణులైన సోదరీమణులారా!

వేసవి సెలవులు ముగియవచ్చాయి. జూన్ మాసంలో బడులు తెరుస్తారు. ఈ కొద్ది వారాలలోనే మన అనేక కుటుంబాలు ఒక ఊరు వదలి మరో ఊరు చేరుతాయి. కర్నూలు, నంద్యాల, కడప, హిందూపురం, మదనపల్లె ప్రాంతాల నుండి బెంగళూరుకు. గుంటూరు, ఖమ్మం, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి హైదరాబాదుకు. మరికొందరు చెన్నైకి, గల్ఫ్ దేశాలకు వెళతారు. కొందరిది ఉద్యోగ బదిలీ, కొందరిది కొత్త దుకాణం, కొందరిది వర్షాలు లేక చేలు ఎండిపోయిన నిస్సహాయత. కారణం ఏదైనా, సామాను నింపిన బండిలో పరుపుచుట్టల నడుమ ఒదిగి కూర్చునే ఆరేళ్ల, ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలు ఆ ప్రయాణాన్ని తాము కోరుకున్నవారు కారు. నిర్ణయం మనది, ప్రయాణం వారిది కూడా. అందుచేత నేటి ప్రసంగంలో పిల్లలను వెంటబెట్టుకుని కొత్త నగరానికి తరలివెళ్లే కుటుంబాల గురించి, వారిని చేర్చుకోవలసిన మహల్లాల గురించి ధర్మం ఏమి బోధిస్తున్నదో ఆలోచిద్దాము.

ఉపాధి కోసం ఊరు మారడం తప్పు కాదు. భూమిని మీకు లోబరచి ఉంచాను, దాని దారులలో నడవండి, నా ప్రసాదాన్ని భుజించండి అన్న భావాన్ని అల్లాహ్ సూరా ముల్క్‌లో తెలియజేశాడు. అయితే వెళ్లేటప్పుడు దేనిని ముందుంచుకోవాలి, దేనిని వెనుక ఉంచాలి అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు దివ్య ఖుర్ఆన్‌లో ఒక తండ్రి చేసిన దుఆ సమాధానమిస్తున్నది.

హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) తన భార్య హజ్రత్ హాజిరాను, పాలు తాగే పసివాడైన ఇస్మాయీల్‌ను తీసుకుని మక్కా లోయకు చేరారు. అప్పుడు అక్కడ ఊరు లేదు, నీరు లేదు, మనిషి లేడు. ఒక ఖర్జూరాల సంచి, ఒక నీటి తిత్తి వారి వద్ద ఉంచి ఆయన తిరిగి నడిచారు. ఇది అల్లాహ్ ఆదేశమా అని హాజిరా అడిగారు. అవునన్నారు. అయితే ఆయన మమ్మల్ని వృథా కానివ్వడు అని ఆమె నిబ్బరంగా వెనుదిరిగారు. వారు కంటికి కనిపించనంత దూరం వెళ్లాక ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) అల్లాహ్ గృహం ఉన్న దిశకు తిరిగి చేతులెత్తారు. సహీహ్ బుఖారీలో ఈ వృత్తాంతం వివరంగా ఉన్నది. ఆ దుఆ సూరా ఇబ్రాహీమ్ 37వ ఆయత్‌లో భద్రమై ఉన్నది.

సోదరులారా! ఆ దుఆలోని వరుసను గమనించండి. పైరు పండని లోయలో, నీ పవిత్ర గృహం చెంత నా సంతానాన్ని నివసింపజేశాను అని విన్నవించుకున్న ఆ తండ్రి, వారు నమాజును నెలకొల్పాలన్నదే తన ఉద్దేశమని మొట్టమొదట చెప్పారు. తరువాత, మనుషుల హృదయాలు వారి వైపు మొగ్గేలా చేయమని వేడుకున్నారు. ఆ పిమ్మటే వారికి ఫలాలను ఉపాధిగా ప్రసాదించమని అడిగారు. మొదట నమాజు, తరువాత మనుషులు, ఆ తరువాత ఫలాలు. నీటిచుక్క లేని చోట బిడ్డను వదలి వచ్చిన తండ్రి నోట మొదటి మాట అన్నం గురించి రాలేదు. అలాగని అన్నాన్ని ఆయన మరువలేదు. దాని స్థానంలో దానిని అడిగారు.

నేడు చాలా ఇళ్లలో ఈ వరుస తలకిందులవుతున్నది. ముందు జీతం లెక్క. దాని తరువాత అద్దె లెక్క. దాని తరువాత బడి ఫీజు లెక్క. మనుషుల సంగతి అక్కడికి వెళ్లాక చూసుకుందామంటారు. మస్జిద్ ఎక్కడో ఒకటి ఉండకపోదంటారు. పెద్దలకు ఈ లెక్క ఎలాగో సరిపోవచ్చు. తండ్రికి పని ఉంటుంది, పనిచోట నలుగురు పలకరిస్తారు. కాని పిల్లవాడికి జీతం అంటే ఏమి తెలుసు? వాడి ప్రపంచం అంతా మనుషులే. పక్కింటి స్నేహితుడు, చేతిలో చేయి వేసి బడికి తీసుకువెళ్లే అన్న, మక్తబ్‌లో ఖాయిదా చెప్పిన హాఫిజ్ సాబ్, సాయంత్రం ఒడిలో కూర్చోబెట్టుకునే అవ్వ. వీరందరినీ ఒక్క రోజులో పోగొట్టుకున్న బిడ్డకు కొత్త ఇంటి చలువరాళ్లు ఏ ఊరటనూ ఇవ్వవు.

కనుక మొదటి విషయం: బయలుదేరే ముందే బిడ్డతో మాట్లాడండి. తన కుమారుని జబహ్ చేస్తున్నట్లు కలలో చూసిన ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) ఆ సంగతి కుమారునికి చెప్పి, నీ అభిప్రాయమేమిటని అడిగినట్లు సూరా సాఫ్ఫాత్ తెలుపుతున్నది. అది దైవాజ్ఞ, మార్చడానికి వీలులేనిది. అయినా ఆ తండ్రి బిడ్డను అడిగారు. మరి మన ఉద్యోగపు బదిలీ అంతకన్నా గొప్పదా? సామాను కట్టే రోజు వరకు పిల్లలకు చెప్పకుండా దాచడం, ఏడిస్తే బొమ్మ కొనిస్తామని నోరు మూయించడం ప్రవక్తల పద్ధతి కాదు. ఎందుకు వెళుతున్నామో, ఎక్కడికి వెళుతున్నామో, ఏమి మారుతుందో, ఏమి మారదో వారి వయసుకు తగిన మాటలలో చెప్పాలి. టీచరుకు, స్నేహితులకు, బంధువులకు సలాం చెప్పి సెలవు తీసుకునేందుకు వారికి సమయం ఇవ్వాలి. తిరిగి వచ్చేస్తాములే అని అబద్ధం చెప్పరాదు. చిన్నపిల్లలకు చెప్పే అబద్ధాన్ని సైతం దైవప్రవక్త (సఅసం) అబద్ధంగానే పరిగణించారు.

పాత ఊరి మీద బెంగ పెట్టుకున్న బిడ్డను కోప్పడకండి. బెంగ బలహీనత కాదు, విశ్వాస లోపం అంతకన్నా కాదు. క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు వలస వచ్చిన ముహాజిర్లను అక్కడి జ్వరాలు పట్టుకున్నాయి. హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ బిలాల్ (రజి) అంతటివారు మంచాన పడ్డారు. జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డి పరిమళాన్ని తలచుకుని కవిత్వం పలికేవారు. ఏ మక్కాలో ఆయనను మండుటిసుక మీద పడుకోబెట్టి హింసించారో, ఆ మక్కా కోసమే ఆయన బెంగపడ్డారు. ఈ సంగతిని విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) చెప్పగా దైవప్రవక్త (సఅసం) ఎవరినీ మందలించలేదు. మక్కాను ప్రేమించినట్లే, అంతకన్నా ఎక్కువగా మదీనాను మాకు ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. కొత్త ఊరి మీద ప్రేమ ఆజ్ఞాపిస్తే పుట్టేది కాదనీ, దానిని అల్లాహ్‌ను అడిగి పొందాలనీ ఇందులో మనకు పాఠం ఉన్నది. రాత్రి పడుకునే ముందు పిల్లల చేత ఈ దుఆ చేయించండి. మీ ఊరి పేరు, కొత్త నగరం పేరు చెప్పి వారి సొంత మాటలలోనే అడగనివ్వండి.

హజ్రత్ అనస్ (రజి)కి అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. వాడు ఒక చిన్న పిట్టను పెంచుకున్నాడు. ఆ పిట్ట చనిపోయింది. పిల్లవాడు దిగాలుగా ఉండడం చూసి దైవప్రవక్త (సఅసం) ఆ పిట్ట సంగతి అడిగి వాడిని పలకరించారు. ఒక సమాజాన్ని నడిపే బాధ్యత భుజాన ఉన్నవారు ఒక పసివాని పిట్టను గుర్తుపెట్టుకున్నారు. అద్దె ఒప్పందాలూ గ్యాస్ కనెక్షనూ చూసుకునే హడావుడిలో, మీ బిడ్డ ఊరిలో వదలి వచ్చిన మేకపిల్లను గురించి ఒక్కసారి అడగండి. అది సున్నత్.

ఇక దుఆలోని వరుస ప్రకారం మొదటిది నమాజు.

దైవప్రవక్త (సఅసం) హిజ్రత్ సమయంలో ఖుబాలో ఆగినప్పుడు అక్కడ మస్జిద్‌ను స్థాపించారు. మదీనా నగరంలో దిగాక ఇద్దరు అనాథ బాలురకు చెందిన స్థలాన్ని, వారు ఉచితంగా ఇస్తామన్నా అంగీకరించక, వెల చెల్లించి తీసుకుని మస్జిదె నబవీని నిర్మించారు. అంతవరకు ఆయన నివాసం హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లోనే. ఇల్లు వెతికేటప్పుడు మనం కూడా ఈ క్రమాన్ని పాటించాలి. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే బిడ్డ చేయి పట్టుకుని ఆ ఇంటి నుండి మస్జిద్ దాకా, బడి దాకా ఒకసారి నడచి చూడండి. మధ్యలో పెద్ద రోడ్డు దాటవలసి ఉందా? మగ్రిబ్ వేళ ఆ సందులో దీపాలు ఉంటాయా? సాయంత్రపు మక్తబ్ ఉందా? వేయి రూపాయల అద్దె తగ్గుతుందని మస్జిద్ అందని చోట దిగితే, ఆ వేయికి బదులు ఏమి చెల్లిస్తున్నామో లెక్క వేసుకోవాలి.

ఇంట్లో దిగిన మొదటి రోజునే, మూటలు విప్పకముందే జానమాజు పరచండి. కర్నూలులో పడమటి దిక్కుకు నిలబడిన బిడ్డ బెంగళూరులోనూ పడమటి దిక్కుకే నిలబడతాడు. ఊరు మారింది, బడి మారింది, వీధి భాష మారింది, ఖిబ్లా మాత్రం మారలేదు. తెలియని గదిలో పసిమనసుకు పట్టు దొరికేది ఇక్కడే. పిల్లలకు ఏడేళ్ల వయసులో నమాజు నేర్పమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. సరిగ్గా ప్రాథమిక బడి వయసు అది. ఊరు మారిన గందరగోళంలో నాలుగు నెలలు వదిలేస్తే ఆ అలవాటును మళ్లీ నిలబెట్టడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు. క్రొత్త చోట దిగినవారు సృష్టి కీడు నుండి అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణు వేడితే, అక్కడి నుండి బయలుదేరేవరకు ఏదీ హాని కలిగించదని సహీహ్ ముస్లింలోని ఒక హదీసు తెలుపుతున్నది. ఆ చిన్న దుఆను పిల్లలకు కంఠస్థం చేయించండి.

రెండవది మనుషుల హృదయాలు.

హాజిరా వృత్తాంతంలో తరువాత ఏమి జరిగిందో జ్ఞాపకం చేసుకోండి. జమ్‌జమ్ ఉబికి వచ్చింది. దాహం తీరింది. కాని నీరు దొరికినంత మాత్రాన అది ఊరు కాలేదు. జుర్‌హుమ్ తెగవారు ఆ దారిన పోతూ ఆకాశంలో పక్షి తిరగడం చూసి, నీటి జాడ పసిగట్టి వచ్చారు. ఇక్కడ దిగవచ్చునా అని హాజిరాను అనుమతి అడిగారు. నీటి మీద హక్కు మాత్రం మాదే అన్న షరతుతో ఆమె ఒప్పుకున్నారు. ఆమెకు మనుషుల తోడు అంటే ఇష్టమనీ, అందువల్ల వారి రాక ఆమెకు సంతోషమైందనీ దైవప్రవక్త (సఅసం) ప్రత్యేకంగా చెప్పారు. ఇబ్రాహీమ్ దుఆలోని హృదయాల మొగ్గు మొదట ఫలించింది అక్కడే. పిల్లవాడైన ఇస్మాయీల్ వారి నడుమ పెరిగారు. వారి నుండి అరబీ భాష నేర్చుకున్నారు. అవును, సోదరులారా! అరబ్బుల మూలపురుషుడు అరబీని ఇరుగుపొరుగుల దగ్గర నేర్చుకున్నారు.

ఈ మాట మన పిల్లలకు ఎంతో అవసరం. మన కుటుంబాలలో చాలామందికి ఇంటిభాష తెలుగు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలు తెలుగులోనే కలలు కంటారు, తెలుగులోనే దుఆ చేస్తారు. అలాంటి బిడ్డ హైదరాబాదులోనో బెంగళూరులోనో మస్జిద్‌లో అడుగుపెడితే, ఉర్దూ రాదా, నువ్వెలాంటి ముసల్మానువి అని తోటి పిల్లలు, కొన్నిసార్లు పెద్దలు కూడా అడుగుతారు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆ ప్రశ్నకు ఏమి జవాబు చెబుతాడు? మరుసటి రోజు నుండి మస్జిద్‌కు రానంటాడు. ఒక వాక్యం ఒక బిడ్డను అల్లాహ్ గృహం నుండి దూరం చేస్తుంది. మీ భాషల, రంగుల వైవిధ్యం తన సూచనలలో ఒకటి అని సూరా రూమ్‌లో అల్లాహ్ తెలియజేశాడు. ప్రతి ప్రవక్తనూ తన జాతి వారి భాషలోనే పంపినట్లు సూరా ఇబ్రాహీమ్ ఆరంభంలోనే చెప్పాడు. భాష ఈమానుకు కొలబద్ద కాదు. ఉర్దూ నేర్చుకోవడం మంచిదే; నేర్పండి. కాని రానందుకు అవమానించడం అల్లాహ్ సూచనను అవమానించడమే.

బడిలోనూ భాష ఎదురవుతుంది. తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం తెలుగు, కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం కన్నడం, తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం బడులలో నేర్చుకోవలసినవే. తెలుగు అక్షరాలు వచ్చిన బిడ్డకు కన్నడ లిపి దగ్గరి చుట్టం వంటిది. అది మనకెందుకు అని పిల్లల ముందు అనకండి. ఇస్మాయీల్ (అలైహిస్సలాం) నేర్చుకున్నట్లు వారూ ఇరుగుపొరుగుల వద్ద నేర్చుకుంటారు. ఆ భాషలో పక్కింటి అమ్మను పలకరించిన రోజు నుండి ఆ నగరం వారిది కావడం మొదలవుతుంది.

బడిని ఎంచుకునేటప్పుడు భవనాన్ని కాక టీచర్లను చూడండి. మొదటి వారంలోనే తరగతి టీచరును కలిసి, బిడ్డ కొత్త ఊరి నుండి వచ్చాడని, ఏ భాషలో చదివాడని వినయంగా చెప్పండి. బదిలీ పత్రం, జనన ధ్రువపత్రం, ఆధార్, టీకాల కార్డు ఒకే సంచిలో పెట్టుకుని మీ చేతనే ఉంచుకోండి. సామాను బండిలో వేయవద్దు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో బిడ్డకు ప్రవేశం నిరాకరించరాదని, బదిలీ పత్రం ఆలస్యమైతే ప్రభుత్వ బడులలో ఆ కారణంగా ప్రవేశాన్ని ఆపరాదని ఆ చట్టంలో ఉన్నది. పనికోసం వలస వెళ్లిన కూలీ కుటుంబాలలో ఈ కాగితాలు లేవనే భయంతోనే పిల్లలు ఏడాది పాటు బడి మానేస్తున్నారు. తెలిసినవారు తెలియనివారికి చెప్పడం, వెంట వెళ్లి చేర్పించడం పెద్ద పుణ్యకార్యం.

మరొక చేదు విషయాన్ని కూడా ప్రస్తావించక తప్పదు. నగరాలలో ఇల్లు చూడబోతే, అద్దె కుదిరాక పేరు విని, ఇల్లు ఇవ్వడం లేదని చెప్పేవారు కొందరు ఎదురవుతారు. పక్కన నిలబడిన బిడ్డ అంతా వింటుంది. ఎందుకు నాన్నా అని అడుగుతుంది. ఆ క్షణంలో తండ్రి చెప్పే జవాబు ఆ బిడ్డ జీవితాంతం వెంట ఉంటుంది. అబద్ధం చెప్పకండి, ద్వేషమూ నూరిపోయకండి. కొందరు మనలను ఎరుగక భయపడతారు, అది అన్యాయమే, అయినా అందరూ అలా ఉండరు అని నిజం చెప్పండి. ఒక జాతి పట్ల వైరం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని సూరా మాయిదాలో అల్లాహ్ ఆదేశించాడు. తలుపు మూసినవారిని గురించి ఒకసారి చెబితే, తలుపు తెరిచినవారిని గురించి పదిసార్లు చెప్పండి. సామాను దింపుతుంటే మంచినీళ్ల బిందె తెచ్చి ఇచ్చిన హిందూ పొరుగింటి పెద్దమ్మ పేరును పిల్లల చేత దుఆలో తలపింపజేయండి. కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూజర్ (రజి)కి బోధించారు. ఆ గిన్నెను పిల్లల చేతికిచ్చి పంపండి. గిన్నె పట్టుకుని వెళ్లిన బిడ్డ తిరిగి వచ్చేటప్పుడు ఒక ఇంటి పరిచయాన్ని తెస్తుంది.

కొత్త హృదయాలను వెతికేటప్పుడు పాత హృదయాలను తెంచుకోరాదు. ఊరిలో మిగిలిన అవ్వకు, తాతకు మనుమల గొంతు వినిపించడం బంధుత్వపు హక్కు. వారానికి ఒక రోజు, జుమా నాడైతే మరీ మంచిది, ఫోనులో పిల్లల చేతనే మాట్లాడించండి. సెలవులలో పంపండి. బంధుత్వాన్ని కలిపి ఉంచేవారి ఉపాధిలో వృద్ధి కలుగుతుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. ఏ ఉపాధి కోసం ఊరు వదిలామో, ఆ ఉపాధికే ఇది వృద్ధి.

మూడవది ఫలాలు.

ఉపాధిని తక్కువ చేసి మాట్లాడడం మన ఉద్దేశం కాదు. ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) తన సంతానానికి ఫలాలను అడిగారు, అల్లాహ్ ఇచ్చాడు. పైరు పండని ఆ లోయకు నేటికీ నలుదిక్కుల నుండి పండ్లు వస్తూనే ఉన్నాయి. అయితే నమాజునూ మనుషులనూ పోగొట్టుకుని సంపాదించిన ఫలాన్ని తినేదెవరు? తండ్రి పొద్దున్నే పిల్లలు లేవకముందు వెళ్లి, రాత్రి వారు నిద్రపోయాక వస్తే, ఆ బిడ్డకు నగరం తండ్రిని తీసుకుపోయిన చోటుగానే మిగులుతుంది. స్తోమతుకు మించిన బడిలో చేర్చి, ఫీజు కోసం వడ్డీ అప్పులో దిగితే, పిల్లల కోసం చేసిన పని పిల్లల ఇంట్లోకే నిషిద్ధాన్ని తెస్తుంది. వారానికి ఒక పూటైనా పిల్లలకు కేటాయించలేని పని దొరికితే, జీతం ఎంతైనా సరే, ఇస్తిఖారా చేసి, భార్యతో సంప్రదించి, మరొకసారి ఆలోచించండి. ఒక్కోసారి ఊరిలోనే తక్కువలో బతకడం మేలు కావచ్చు. ఒక్కోసారి వెళ్లడమే మేలు కావచ్చు. దుఆలోని వరుసను నిలబెట్టగలిగే చోటే మన చోటు.

ఈ మాటలను అల్లాహ్ నాకూ మీకూ మేలు చేసేవిగా చేయుగాక! మనందరి పాపాలను మన్నించమని ఆయనను వేడుకుందాము. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కురియుగాక!

సోదరులారా! ఇప్పటివరకు వెళ్లేవారి గురించి చెప్పుకున్నాము. ఇప్పుడు ఉన్నవారి గురించి, అంటే కొత్తవారు వచ్చి చేరే మహల్లాల గురించి. హృదయాలు మొగ్గాలని ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) దుఆ చేశారు. ఆ హృదయాలు ఎవరివి? అక్కడికి వచ్చి కలిసే మనుషులవి. నేడు మన వీధిలో దిగిన కుటుంబానికి ఆ హృదయాలు మనవే కావాలి.

మదీనాలో దైవప్రవక్త (సఅసం) ముహాజిర్లకూ అన్సార్లకూ మధ్య సోదరత్వాన్ని కలిపారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనకు శుభం కోరి, బజారు ఎక్కడుందో చూపమన్నారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్లి నెయ్యి, ఎండు పెరుగు అమ్మి తన కాళ్ల మీద నిలబడ్డారు. కొత్తగా వచ్చినవారిలో ఎక్కువమంది మన దానాన్ని కోరరు. దారి చూపితే చాలంటారు. మంచి బడి ఏది, రాత్రివేళ పిల్లవాడికి జ్వరం వస్తే ఏ వైద్యుని వద్దకు పోవాలి, రేషను ఎక్కడ తీసుకోవాలి, ఆటో ఎక్కడ దొరుకుతుంది అన్నవి మనకు చిన్న సంగతులు. వారికి అవే బజారు దారి.

కనుక ప్రతి మస్జిద్ కమిటీకి కొన్ని విన్నపాలు. జూన్, జూలై మాసాలలో ప్రతి జుమా అనంతరం, కొత్తగా వచ్చిన కుటుంబాల వారు ఉంటే కాస్త ఆగండి అని ఒక్క ప్రకటన చేయండి. వారి ఇంట్లో ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, ఇంటిభాష ఏది అని తెలుసుకోండి. అదే తరగతి చదివే మన పిల్లవాడిని ఒకరిని వారికి జతచేయండి. మరుసటి రోజు బడికి ఇద్దరూ కలిసి వెళ్లనివ్వండి. కొత్త బడిలో మొదటి రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచినప్పుడు పక్కన కూర్చునే ఒక్కడు ఉంటే, ఆ బిడ్డకు అది మదీనా సోదరత్వమే. మక్తబ్‌లో తెలుగు మాత్రమే వచ్చే పిల్లలకు తెలుగులో చెప్పే ఉస్తాదును గాని, పెద్ద విద్యార్థిని గాని ఏర్పాటు చేయండి. ఖుత్బా సారాంశాన్ని తెలుగులో రెండు నిమిషాలు చెప్పడం భారం కాదు.

పిల్లలు మస్జిద్‌లో అల్లరి చేస్తే కసరకండి. బిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి ఇబ్బందిని తలచి దైవప్రవక్త (సఅసం) నమాజును కుదించేవారు. మనుమరాలు ఉమామాను భుజాన ఎత్తుకుని నమాజు చేయించారు. కొత్తగా వచ్చిన బిడ్డను వెనుక వరుస నుండి తరిమివేస్తే, వాడికి ఈ నగరంలో మిగిలిన ఒక్క తెలిసిన చోటు కూడా పోతుంది.

సోదరీమణులకు ప్రత్యేక విన్నపం. తండ్రి పనికీ పిల్లలు బడికీ వెళ్లాక, తెలియని నగరంలో నాలుగు గోడల మధ్య ఒంటరిగా మిగిలేది ఆ ఇంటి తల్లి. హాజిరాకు మనుషుల తోడు ఇష్టమని దైవప్రవక్త (సఅసం) చెప్పిన మాటను మరువకండి. తల్లి మనసు కుదుటపడితే పిల్లల మనసు కుదుటపడుతుంది. కొత్త ఇంటి తలుపు తట్టండి. వంట చేసే తీరిక లేని మొదటి రోజున ఒక పూట అన్నం పంపండి. మీ ఊరు ఏది అని అడగండి, ఆ ఊరి కబుర్లు చెప్పనివ్వండి.

ఓ అల్లాహ్! నీ ప్రవక్త ఇబ్రాహీమ్ సంతానాన్ని నిర్జన లోయలో కాపాడినట్లు, ఈ ఏడాది ఇల్లు మారుతున్న మా పిల్లలను కాపాడు. వారి ప్రయాణాలను క్షేమంగా ముగించు. కొత్త ఊరిని వారికి ప్రియమైనదిగా చేయి, పాత ఊరి అనుబంధాలను వారి హృదయాలలో సజీవంగా ఉంచు. వారిని, వారి తల్లిదండ్రులను నమాజును నెలకొల్పేవారిగా చేయి. మంచివారి హృదయాలను వారి వైపు మొగ్గేలా చేయి. వారికి హలాలైన, శుభప్రదమైన ఉపాధిని ప్రసాదించు. ఇళ్లు దొరకక తిరుగుతున్నవారికి నీడను ఇవ్వు. ఊళ్లలో ఒంటరిగా మిగిలిన పెద్దలకు తోడుగా ఉండు. మా మహల్లాలలో చేరినవారికి మమ్మల్ని అన్సార్లుగా నిలుపు. మా దేశాన్ని, మా నగరాలను, అందులో నివసించే ప్రజలందరినీ శాంతి భద్రతలతో ఉంచు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! లేవండి, నమాజును నెలకొల్పండి. నమాజు ముగిశాక మీ పక్క వరుసలో కొత్త ముఖం కనిపిస్తే, సలాం చెప్పకుండా చెప్పులు వేసుకోకండి.